ఇరవై ఆరో గడి

వెనక బెంచీ మీద కూచున్న ఇతిశ్రీ
నా పాఠం వినలేదు.
వినడం తన పని కాదు ఆవేళ.
ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం,
కాగితం నిండా గళ్లు, పిల్లకో గడి.
నేనెవర్ని ప్రశ్న అడిగితే ఆ గడిలో ఓ గీత,
ఎవర్ని మెచ్చుకుంటే ఓ సున్న,
ఎవరికి పని చెబితే ఓ ఇంటూ.

"అద్దం ముఖమే చూపిస్తుంది,
ఇది మీ వీపు చూపిస్తుంది" అంది
ట్రైనింగ్ కాలేజీలో మేడమ్.
నవ్వుకున్నాం.
సమానత్వం మీద పది మార్కుల వ్యాసం రాసి
తొమ్మిది తెచ్చుకున్నదాన్ని నేను.

పర్లాకిమిడి నుంచి ఆటోలో ముప్పావు గంట,
ఆపైన జీడితోటల్లో నడక,
కొండ కింద రెండు గదుల బడి.
ముందు వరసల్లో ఊళ్లో పిల్లలు,
ఒడియా వాళ్లు, మా తెలుగోళ్లు, నూనె రాసిన తలలు.
గోడవార, కొండ దిగి వచ్చిన సవర పిల్లలు.
ఎవరు కూచోబెట్టారలా?
ఎవరూ కాదట. వాళ్లే కూచుంటారట.
హెడ్మాస్టరు చెబితే
తలూపాను కూడా.

నీటి పాఠం. నలభై నిమిషాలు.
మబ్బు బొమ్మ, ఏటి బొమ్మ, కుండ బొమ్మ.
"ఏఇటా కొణొ?" అంటే
"పాణీ!" అని ముందు వరస ఒక్క గొంతై అరిచింది.
బాగా చెప్పాననుకున్నాను.
చేతికంటిన సుద్ద దులుపుకోవడంలో కూడా
కొంచెం గర్వం.

జీడిచెట్టు కింద కాగితం విప్పింది ఇతిశ్రీ.
శుభ్రాంశుకి తొమ్మిది గీతలు, నాలుగు సున్నలు.
మా లోకేషుకి ఏడు, మూడు.
ఇరవై ఆరో గడి, గురుబారి రైతా.
గీత లేదు. సున్న లేదు.
మూడు ఇంటూలు.
సుద్దముక్క తే. కిటికీ వెయ్యి. బోర్డు తుడు.
ఆ గోడవార గళ్లన్నీ దాదాపు అంతే,
కాలవ ఆఖరున నెర్రెలిచ్చిన శివారు మళ్లు.
నీళ్ల గురించి పాఠం చెబుతూ
ఎగువ మళ్లకే పెట్టుకున్నాను నీళ్లన్నీ.

"తప్పు లెక్కేశావేమో" అన్నాను.
ఇతిశ్రీ మాట్లాడలేదు.
కాగితం మడిచి నా పుస్తకంలో పెట్టింది.

నాకు తెలియని గోడా అది?
మూడో తరగతిలో నా పేరు "ఏ తెలెంగా".
హైమ అన్న రెండక్షరాలూ
మోయలేకపోయాడు మా మాస్టారు.
"మనకి తెలుగెందుకే?" అనడిగితే
చేపలు తోముతూ మాయమ్మ,
"ఏటి సేస్తామే, నోట్లో పడిపోనాది" అంది.
దెబ్బ తిన్నదాన్ని కదా,
నా చెయ్యి మెత్తన అనుకున్నాను ఇన్నాళ్లూ.
దెబ్బలు తిన్న చెయ్యి
కాయలు కాస్తుందని
ఏ సిలబస్‌లోనూ లేదు.

రాత్రి హాస్టల్లో, ఫ్యాను కిందా నిద్ర పట్టక,
గుర్తొచ్చింది.
కుండ బొమ్మ ఎత్తినప్పుడు
గోడవార నుంచి సన్నగా ఓ మాట, "డా".
నా తెలుగు చెవి దాన్ని "దా" అనుకుంది.
ఎవర్నో పిలుస్తోందనుకుని
"ష్, మాటలొద్దు" అన్నాను.
దానికి ఇతిశ్రీ దగ్గర గుర్తు లేదు.

మర్నాడు బడిలో వంట చేసే సవరామెని అడిగాను,
డా అంటే ఏమిటని.
ఆమె నాకేసి వింతగా చూసి
కుండలో గ్లాసు ముంచి
నా చేతికిచ్చింది.
తాగాను. ఇంకేం చెయ్యను?

శుక్రవారం మళ్లీ నా పాఠం.
గోడ దగ్గరికి నడిచి
"గురుబారీ" అన్నాను. అంతే అన్నాను.
ప్రశ్న ఇంకా నా నోట్లోనే ఉంది.
లేచింది.
తలొంచుకుని ముందుకొచ్చింది.
డస్టరు తీసుకుని
శుభ్రంగా, మూలమూలలా,
బోర్డు తుడిచి
వెళ్లి కూచుంది.

వెనక బెంచీ మీద
ఇతిశ్రీ పెన్సిలు ఆగిపోయింది
ఆ గడి మీద.